సమీకరణం ముందు రాసే అంకె గ్రాములకా, రేణువులకా? మోల్ లెక్కలో మా తమ్ముడి చిక్కు

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా తమ్ముడు ఈ ఏడాది ప్లస్ టూ మొదటి సంవత్సరం సైన్సులో చేరాడు. పదో తరగతి దాకా ఒడియా మాధ్యమంలో చదివినవాడు కావడంతో ఇప్పుడు పుస్తకం ఇంగ్లీషులోను, కళాశాలలో పాఠం సగం ఒడియాలోను, ఇంట్లో సందేహాలు తీర్చుకోవడం తెలుగులోను సాగుతున్నాయి. ఆ మూడో భాగం నా వంతు. నేను చదివింది కామర్సు. పదో తరగతి దాటాక రసాయన శాస్త్రం వైపు చూడలేదు. అంకెల లెక్కే కదా అనుకుని ధైర్యంగా కూర్చున్నాను గానీ మొదటి అధ్యాయంలోనే ఇద్దరమూ ఆగిపోయాము.

లెక్క ఇది. 10 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌ను, 10 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడు కరిగి ఉన్న ఆమ్ల ద్రావణంలో వేస్తే ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడు వెలువడుతుంది? సమీకరణంలో ఒక కాల్షియం కార్బొనేట్, రెండు హైడ్రోజన్ క్లోరైడులు కలిసి ఒక కాల్షియం క్లోరైడు, ఒక నీరు, ఒక కార్బన్ డయాక్సైడు ఏర్పడతాయని ఉంది. మా వాడు ఇలా ఆలోచించాడు: ఒకటికి రెండు కావాలి కనుక 10 గ్రాముల కార్బొనేట్‌కు 20 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడు కావాలి; మన దగ్గర ఉన్నది 10 గ్రాములే; కాబట్టి ఆమ్లం ముందుగా అయిపోయి, కార్బొనేట్‌లో 5 గ్రాములు మాత్రమే ఖర్చవుతుంది; 100 గ్రాముల కార్బొనేట్‌కు 44 గ్రాముల వాయువు వస్తుందని పాఠంలో చెప్పారు కాబట్టి 5 గ్రాములకు 2.2 గ్రాములు వస్తుంది. పుస్తకం చివర ఇచ్చిన జవాబు మాత్రం 4.4 గ్రాములు.

ఎక్కడ తప్పిందో వాడికి తెలియలేదు. నిజం చెప్పాలంటే వాడి వాదంలో నేనూ తప్పు పట్టలేకపోయాను. "అక్కా, అక్కడ 2 అని రాసి ఉంది, నేను 2తోనే గుణించాను" అంటాడు. మోల్‌లోకి మార్చి చేయాలని నోట్సులో ఉంది గానీ, ఎందుకు మార్చాలో అందులో లేదు. మార్చకపోతే లెక్క ఎందుకు చెడుతుందో తెలియనిదే సూత్రం బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు.

ఇంకో రెండు చిన్న సందేహాలు కూడా ఉన్నాయి. ఒక మోల్ వాయువు 22.4 లీటర్లని ట్యూషన్ నోట్సులో ఉంటే, పుస్తకంలో 22.7 అని ఉంది, ఏది సరైనది? అలాగే 6.022 × 10²³ అనే ఆ వింత సంఖ్యను ఎవరు, ఎలా లెక్కపెట్టారు?


జీడితోట (కాశీనగర్) ఇచ్చిన సమాధానం:

అమ్మా, నేను పాఠాలు చెప్పేవాణ్ణి కాను. డిగ్రీలో రసాయన శాస్త్రం చదివి, తరువాత మా నాన్నగారి జీడిపప్పు వ్యాపారంలో కూర్చున్నాను. మీ తమ్ముడి తప్పును మా కొట్లో పప్పు తూకంతో చూపించగలననిపించి రాస్తున్నాను.

మాకు సరుకు పలాస నుంచి వస్తుంది. డబ్బా మీద డబ్ల్యూ 320 అని ఉంటే, పగలని తెల్ల గుండు పప్పులు ఒక పౌండు తూకానికి 300 నుంచి 320 దాకా ఉంటాయని అర్థం. డబ్ల్యూ 240 అంటే పౌండుకు 220 నుంచి 240. అంకె పెద్దదైన కొద్దీ పప్పు చిన్నది; కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు 320 చూసి అదే పెద్ద రకమనుకుంటారు. డబ్బాలోని పప్పులన్నిటినీ ఎవరూ లెక్కపెట్టరు. కొంచెం తూచి, దానిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రకం తేల్చుకున్నాక, ఆ తరువాత ఎన్ని పప్పులు కావాలన్నా తూకమే ఆధారం.

ఇప్పుడు సులువు కోసం 320 రకంలో పౌండుకు సరిగ్గా 320, 240 రకంలో సరిగ్గా 240 ఉన్నాయనుకుందాం. పౌండు అంటే 453.6 గ్రాములు కాబట్టి చిన్న పప్పు ఒక్కొక్కటి 1.4175 గ్రాములు, పెద్ద పప్పు ఒక్కొక్కటి 1.89 గ్రాములు తూగుతుంది. ఈ రెండూ 3కి 4 పాళ్ళలో ఉన్నాయి. మిఠాయి చేసేవారొకరు వచ్చి, ప్రతి లడ్డూ మీద ఒక పెద్ద పప్పు, ఒక చిన్న పప్పు పెట్టాలి, ఏదీ మిగలకూడదు అన్నారనుకోండి. నేను చెరో 3 కిలోలు తూచి ఇస్తే పెద్ద పప్పు ముందుగా అయిపోతుంది, చిన్న పప్పు మిగిలిపోతుంది. తూకాలు సమానమే గానీ లెక్కలు సమానం కావు. అందుకని పెద్దది 4 కిలోలు, చిన్నది 3 కిలోలు ఇస్తాను. అప్పుడు రెండింట్లోనూ దాదాపు 2,116 చొప్పున ఉంటాయి.

వారు మాట మార్చి, లడ్డూకు పెద్ద పప్పు ఒకటి, చిన్న పప్పులు రెండు అన్నారనుకుందాం. మీ తమ్ముడైతే "ఒకటికి రెండు" అని 4 కిలోల పెద్ద పప్పుకు 8 కిలోల చిన్న పప్పు తూచేస్తాడు. నిజానికి కావలసింది 6 కిలోలే. ఆ రెండు అన్న మాట లడ్డూ మీద పెట్టే పప్పుల గురించి చెప్పినది, తక్కెడ గురించి కాదు. ఆమ్లం లెక్కలో జరిగింది ఇదే.

ఒక సరదా సంగతి చెప్పి ముగిస్తాను. కార్బన్ పరమాణు భారం 12, ఆక్సిజన్‌ది 16. అంటే ఈ రెండు పరమాణువులూ 3కి 4 పాళ్ళలోనే తూగుతాయి. మా 320 రకం, 240 రకం వంటివే. ఒక కార్బన్‌కు రెండు ఆక్సిజన్లు చేరితే కార్బన్ డయాక్సైడు కనుక, 12 గ్రాముల కార్బన్‌కు కావలసిన ఆక్సిజన్ 24 గ్రాములు కాదు, 32 గ్రాములు. రెండూ కలిపితే మీ పుస్తకంలోని ఆ 44 వస్తుంది.


గుణుపురం మాస్టారు (రాయగడ జిల్లా) ఇచ్చిన సమాధానం:

జీడితోటగారి ఉదాహరణ నాకు నచ్చింది. వచ్చే వారం తరగతిలో వాడుకుంటాను. ఆయన అనుమతిస్తారనే అనుకుంటున్నాను. అయితే ఒక చిన్న సవరణ అవసరం. డబ్బాలోని పప్పులు ఒకదానికొకటి కొంచెం తేడాగా ఉంటాయి, అందుకే 300 నుంచి 320 అని హద్దు చెబుతారు. పరమాణువుల విషయంలో తేడాలు అలా ఇష్టం వచ్చినట్టు ఉండవు. ఒకే ఐసోటోపుకు (ఒకే మూలకంలో తూకం తేడాగా ఉండే పరమాణు రకాల్లో ఒకదానికి) చెందిన పరమాణువులన్నీ ఒకే తూకం. కానీ ఒక మూలకంలో ఒకటికి మించి ఐసోటోపులు కలిసి ఉండవచ్చు. క్లోరిన్‌లో ద్రవ్యరాశి సంఖ్య 35 గలవి నూటికి 76 దాకా, 37 గలవి 24 దాకా ఉంటాయి. వాటి సగటు 35.5. ఆ 35.5 తూగే క్లోరిన్ పరమాణువు ఒక్కటి కూడా ఈ లోకంలో లేదు. అయినా మనం తూచే చిటికెడు పదార్థంలో పరమాణువులు లెక్కకు మించి ఉంటాయి కనుక సగటుతో చేసిన లెక్క తప్పదు.

ఇక అసలు లెక్క. మోల్ అనేది తూకం కాదు, పరిమాణమూ కాదు. డజను లాగా అది ఒక లెక్క. డజను అంటే 12 అయినట్టు, మోల్ అంటే 6.02214076 × 10²³ రేణువులు. ఏ పదార్థమైనా ఒక మోల్ ఎంత తూగుతుందో దాని పరమాణు భారాలు కూడి గ్రాములలో చెబుతాము. కాల్షియం కార్బొనేట్‌లో కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48, మొత్తం 100. హైడ్రోజన్ క్లోరైడుకు 1, 35.5 కలిపి 36.5. ఇప్పుడు తమ్ముణ్ణి తనకు తానే ఒక్క ప్రశ్న వేసుకోమనండి: నా గిన్నెలో ఒక్కొక్కటి ఎన్ని మోల్‌లు ఉన్నాయి? కార్బొనేట్ 10ని 100తో భాగిస్తే 0.1 మోల్. హైడ్రోజన్ క్లోరైడు 10ని 36.5తో భాగిస్తే 0.274 మోల్. తూకంలో రెండూ సమానమే అయినా, లెక్కలో రెండోది మొదటిదానికి రెండున్నర రెట్లకు మించి ఉంది. సమీకరణం అడిగేది రెండు రెట్లే. కాబట్టి 0.1 మోల్ కార్బొనేట్‌కు 0.2 మోల్ ఆమ్లం, అంటే 7.3 గ్రాములు చాలు. ఆమ్లం 2.7 గ్రాములు మిగులుతుంది, కార్బొనేట్ పూర్తిగా అయిపోతుంది. ముందుగా అయిపోయే దానినే పరిమిత కారకం అంటారు. ఎంత వాయువు రావాలో అదే నిర్ణయిస్తుంది. 0.1 మోల్ కార్బన్ డయాక్సైడు అంటే 4.4 గ్రాములు.

మీరు కామర్సు చదివానన్నారు కనుక, ఈ జవాబు సరైనదో కాదో తేల్చడానికి మీకు నాకన్నా బాగా తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. జమాఖర్చు సరిచూడండి. మొదట ఉన్నది 10, 10 కలిపి 20 గ్రాములు. చివర ఉన్నది కాల్షియం క్లోరైడు 0.1 మోల్, అంటే 11.1 గ్రాములు, కార్బన్ డయాక్సైడు 4.4, కొత్తగా ఏర్పడిన నీరు 1.8, మిగిలిన హైడ్రోజన్ క్లోరైడు 2.7. కూడితే సరిగ్గా 20. ఇప్పుడు మీ తమ్ముడి లెక్కను అదే చిట్టాలో రాయండి. కార్బొనేట్ 5 గ్రాములు, హైడ్రోజన్ క్లోరైడు 10 గ్రాములు ఖర్చయ్యాయన్నాడు. అంటే ఖర్చు 15 గ్రాములు. ఆ 5 గ్రాముల కార్బొనేట్ నుంచి రాగలిగేది కాల్షియం క్లోరైడు 5.55, కార్బన్ డయాక్సైడు 2.2, నీరు 0.9, కలిపి 8.65 గ్రాములు మాత్రమే. మిగిలిన 6.35 గ్రాములు ఏమయ్యాయి? పుస్తకం వెనక జవాబు చూడకుండానే, ఈ ఒక్క ప్రశ్నతో తప్పు దొరికిపోతుంది. నేను మా పిల్లలకు ఈ కూడిక చేయనిదే జవాబు కింద గీత గీయవద్దని చెబుతాను. పదిమందిలో ఇద్దరు వింటారు.

వాయువు సంగతి. రెండు అంకెలూ సరైనవే, వాటి వెనక ఉన్న పీడనాలు వేరు. సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద, ఒక అట్మాస్ఫియర్ పీడనంలో ఒక మోల్ వాయువు 22.4 లీటర్లు ఆక్రమిస్తుంది. 1982 నుంచి అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం ప్రమాణ పీడనాన్ని ఒక బార్‌గా సిఫారసు చేసింది. బార్ అట్మాస్ఫియర్ కన్నా కొద్దిగా తక్కువ కాబట్టి వాయువు కొద్దిగా ఎక్కువ చోటు తీసుకుని 22.7 లీటర్లవుతుంది. పరీక్షలో ఏ పీడనం ఇచ్చారో చూసి ఆ అంకె వాడమనండి. మన మే నెల ఎండల్లో 40 డిగ్రీల వద్ద, ఒక అట్మాస్ఫియర్‌లో అదే మోల్ 25.7 లీటర్లు ఉంటుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పండి: ఇది వాయువులకు మాత్రమే. 18 గ్రాముల నీరు ఒక మోలే గానీ దాని పరిమాణం దాదాపు 18 మిల్లీలీటర్లు, అంటే నాలుగు చెంచాలకు లోపు. దానికి 22.4 లీటర్లని రాసే విద్యార్థి ప్రతి ఏడూ నాకు ఒకరు తగులుతారు.

ఆ వింత సంఖ్యను ఎవరూ ఒకటొకటిగా లెక్కపెట్టలేదు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన పరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులు ఉంటాయని 1811లో అవగాడ్రో ప్రతిపాదించాడు గానీ ఆ సంఖ్య ఎంతో ఆయనకు తెలియదు. 1865లో లోష్మిట్ గాలి అణువుల పరిమాణాన్ని అంచనా వేశాక దాని స్థాయి తెలిసింది. నీటిలో తేలే సూక్ష్మ రేణువుల కదలికలను సూక్ష్మదర్శినిలో కొలిచి, దానిని చాలా మార్గాల్లో నిర్ధారించి, 1909లో అవగాడ్రో పేరు పెట్టినవాడు పెరిన్. పాత పుస్తకాల్లో 12 గ్రాముల కార్బన్ 12లో (ద్రవ్యరాశి సంఖ్య 12 గల కార్బన్ ఐసోటోపులో) ఉన్న పరమాణువుల సంఖ్యే మోల్ అని ఉంటుంది. 2019 మే 20 నుంచి ఆ నిర్వచనం మారి, పైన నేను రాసిన సంఖ్యనే కచ్చితమైనదిగా నిర్ణయించారు. మన లెక్కలకు ఈ మార్పు వల్ల తేడా ఏమీ రాదు.

చివరగా, మూడు భాషల మధ్య చదువుతున్న పిల్లవాడు కాబట్టి ఒక హెచ్చరిక. పరమాణువు, అణువు అనే రెండు మాటలూ ఒడియాలోనూ తెలుగులోనూ ఒకటే, అది మనకు మేలే. కానీ మన పత్రికలు అణు విద్యుత్తు, అణుబాంబు అని రాయడం వల్ల పిల్లలకు అణువంటే పరమాణువే అనిపిస్తుంది. ఆక్సిజన్ ఒక మోల్ అంటే ఎంత అని అడిగితే 16 గ్రాములని చెప్పేది అందుకే. ఆక్సిజన్ పరమాణువులు ఒక మోల్ అయితే 16 గ్రాములు. గాలిలో ఉండే ఆక్సిజన్ వాయువు రెండేసి పరమాణువుల అణువులుగా ఉంటుంది కాబట్టి అది ఒక మోల్ అయితే 32 గ్రాములు. మోల్ అని రాసినప్పుడల్లా దేని మోల్ అన్నది పక్కనే రాయించండి.


దామంజోడి ప్రయోగశాల (కొరాపుట్ జిల్లా) ఇచ్చిన సమాధానం:

మాస్టారు చెప్పిన దానికి చేర్చవలసినది పెద్దగా లేదు. నేను పాతికేళ్ళుగా రోజూ ద్రావణాలు తయారు చేసే పనిలో ఉన్నాను కాబట్టి కాగితం మీది లెక్క బల్ల మీదికి వచ్చినప్పుడు ఎక్కడ జారుతుందో చెబుతాను.

మీ లెక్కలో 10 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడు అని ఉంది. ప్రయోగశాలలో అలమర నుంచి తీసే సీసాలో ఉండేది అది కాదు. గాఢ ఆమ్లంలో బరువు ప్రకారం నూటికి 37 పాళ్ళే హైడ్రోజన్ క్లోరైడు, మిగిలినది నీరు. ఎవరైనా ఆ సీసా ఆమ్లాన్నే 10 గ్రాములు తూచి తీసుకుంటే అందులో ఉన్నది 3.7 గ్రాములు, అంటే 0.101 మోల్. 0.1 మోల్ కార్బొనేట్‌కు 0.2 కావాలి కనుక ఈసారి నిజంగానే ఆమ్లం ముందుగా అయిపోతుంది. సగం కార్బొనేట్ మాత్రమే ఖర్చయి 2.23 గ్రాముల వాయువు వస్తుంది. అంటే మీ తమ్ముడి 2.2 దాదాపుగా సరిపోతుంది! తప్పు దారిన వెళ్ళి సరైన ఊరు చేరడం అంటే ఇదే. అందుకే జవాబు కలిసినంత మాత్రాన దారి సరైనదని నమ్మవద్దని మా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు చెబుతుంటాను.

సమీకరణంలోని ఆ 2ను గ్రాములకు అంటగట్టడం ఒక రకం తప్పు. దానిని పూర్తిగా మరిచిపోవడం ఇంకో రకం తప్పు, అది అంశమాపనంలో (టైట్రేషన్‌లో) కనిపిస్తుంది. ప్లస్ టూ ప్రయోగాల్లో ఆక్సాలిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడు గాఢత కనుక్కోవడం ఉంటుంది కదా. ఒక ఆక్సాలిక్ ఆమ్ల అణువుకు రెండు సోడియం హైడ్రాక్సైడులు కావాలి. 0.05 మోలార్ (అంటే లీటరుకు 0.05 మోల్) ఆక్సాలిక్ ఆమ్లం 20 మిల్లీలీటర్లు పిపెట్‌తో కుప్పెలోకి తీసి, రంగు మారి ముగింపు తెలిపే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి సోడియం హైడ్రాక్సైడు వదిలితే, లేత గులాబీ రంగు నిలిచేసరికి 20.4 మిల్లీలీటర్లు ఖర్చయిందనుకోండి. పరిమాణం, గాఢతల లబ్ధాలు రెండు వైపులా సమానమని నేరుగా రాసేసినవాడికి 0.049 వస్తుంది, నిజం అందుకు రెట్టింపు, 0.098 మోలార్. పిల్లలు ఆ రంగు దగ్గర మాత్రం ఎంతో జాగ్రత్తగా ఉంటారు, ఒక్క చుక్క ఎక్కువైతే బాధపడతారు. తీరా కాగితం మీద సగానికి సగం పోగొట్టుకుంటారు.

అదే ప్రయోగంలో ఇంకొక గుంట ఉంది. 250 మిల్లీలీటర్ల 0.05 మోలార్ ద్రావణానికి కావలసింది 0.0125 మోల్. ఆక్సాలిక్ ఆమ్లం అణుభారం 90 అని వేసి 1.125 గ్రాములు తూచేవారున్నారు. సీసాలోని స్ఫటికాల్లో ప్రతి అణువుతో పాటు రెండు నీటి అణువులు కూడా ఉంటాయి కాబట్టి 126 వేసి 1.575 గ్రాములు తూచాలి. తక్కెడకు ఆమ్లమేదో నీరేదో తెలియదు. సీసా మీది చీటీ చదవడమే మార్గం. సోడియం హైడ్రాక్సైడును మాత్రం ఎంత జాగ్రత్తగా తూచినా ఆ తూకాన్ని నమ్మకూడదు. మూత తీసిన నిమిషంలోనే ఆ బిళ్ళలు గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుని చెమర్చడం కంటికే కనిపిస్తుంది. దాని గాఢతను ఆక్సాలిక్ ఆమ్లంతో కనుక్కోవలసి వచ్చేది అందుకే.

మా ఊరి సంగతి ఒకటి కూడా తమ్ముడికి లెక్కగా ఇవ్వండి. పంచపట్మాలి కొండ మీది బాక్సైటు అనే అల్యూమినియం ఖనిజాన్ని ఇక్కడ శుద్ధి చేసి అల్యూమినా తీస్తారు. దానిలో కొంత అంగుళ్‌లోని స్మెల్టరు కర్మాగారానికి వెళ్ళి అల్యూమినియం లోహమవుతుంది. అల్యూమినాలో రెండు అల్యూమినియం, మూడు ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. 54, 48 కలిపి 102. అంటే ఒక టన్ను లోహానికి 102ను 54తో భాగించగా 1.89 టన్నుల అల్యూమినా కావాలి. బాక్సైటులో నూటికి 45 పాళ్ళు అల్యూమినా ఉందనుకుంటే 4.2 టన్నుల రాయి తవ్వాలి. ఇది కాగితం మీది కనీసపు లెక్క. శుద్ధిలో మిగిలే ఎర్రమట్టి వ్యర్థంలో పోయేది పోగా నిజంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. గ్రాములైనా టన్నులైనా నిష్పత్తి ఒకటే కనుక ఇక్కడ మోల్‌లలోకి మార్చకుండానే చేశాము, గమనించారా? 102, 54 అనే అంకెల్లో ఆ మార్పిడి ముందే జరిగిపోయి ఉంది.


మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. లడ్డూ లెక్క దగ్గర వాడు ఆపమని చెప్పి, 8 కిలోలు కాదు 6 కిలోలు ఎందుకో తనే కాగితం మీద వేసుకున్నాడు. జమాఖర్చు పద్ధతి నాకు ఎంత నచ్చిందో చెప్పలేను, 6.35 గ్రాముల తేడా చూసి, మా ఆడిటరుగారైతే ఆ పేజీ చింపించేవారని వాడితో అన్నాను.

ఈ ఉదయం వాడే ఒక లెక్క తయారు చేసుకున్నాడు. కోడిగుడ్డు పెంకులో ఉండేది కాల్షియం కార్బొనేటే కదా, వంటింట్లో వెనిగర్ ఉంది కదా, పెంకు మొత్తం కరగడానికి ఎంత వెనిగర్ పోయాలి అని. వాడు చేసింది ఇది: ఎసిటిక్ ఆమ్లం అణుభారం 60, ఒక కార్బొనేట్‌కు రెండు ఎసిటిక్ ఆమ్ల అణువులు, అంటే 100 గ్రాముల పెంకుకు 120 గ్రాముల ఆమ్లం. సీసా మీద నూటికి 4 పాళ్ళు అని ఉంది కాబట్టి ఒక గ్రాము పెంకుకు 1.2 గ్రాముల ఆమ్లం, అంటే 30 గ్రాముల వెనిగర్. మొదట నేను 100 గ్రాముల పెంకుకు 200 గ్రాముల ఆమ్లం అన్నట్టుగా ఏదో అనబోతే, "అక్కా, అది లడ్డూ తప్పు" అని నన్నే ఆపాడు.

ఇంట్లో తక్కెడ లేదు. పెంకు ఎండబెట్టి పొడి చేసి, మా వీధి చివర బంగారు కొట్టుకు తీసుకువెళ్ళాడు. కొట్టాయన నవ్వుతూనే తూచి ఇచ్చారట, 2.31 గ్రాములు. అంటే 69.3 గ్రాముల వెనిగర్. ఇప్పుడు వాడు గ్లాసు ముందు కూర్చుని ఉన్నాడు, నురగ వస్తోంది గానీ నెమ్మదిగా వస్తోంది. లెక్క సరిపోతుందా?


గుణుపురం మాస్టారు (రాయగడ జిల్లా):

అమ్మా, లెక్క సరిగ్గా ఉంది. రెండు విషయాలు మాత్రం చూసుకోమనండి. పెంకులో నూటికి 95 పాళ్ళ దాకానే కార్బొనేట్ ఉంటుంది. లోపలి పలుచని పొర తీయకుండా పొడి చేసి ఉంటే అదీ తూకంలో చేరింది, అది వెనిగర్‌లో కరగదు. కాబట్టి చివర అడుగున కొంచెం తెల్లని తెట్టు మిగిలితే ఆమ్లం చాలలేదని వెంటనే అనుకోవద్దు. రెండోది, ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది. ఇలా సరిగ్గా కొలిచి పోసినప్పుడు చివరి భాగం కరగడానికి చాలా గంటలు పడుతుంది, పూర్తిగా కరగకనూ పోవచ్చు. రాత్రంతా ఉంచి, రేపు ఉదయం ఇంకొక 20 గ్రాముల వెనిగర్ చేర్చమనండి. అప్పుడు మళ్ళీ నురగ వస్తే అడుగున కార్బొనేట్ ఇంకా మిగిలే ఉందన్నమాట. రాకపోతే ఆ మిగిలింది పొరే.